మాక్ డ్రిల్ అలరించడానికా?



గత వారం ఈ పత్రిక జిల్లా పేజీలో పెద్ద ఫొటోతో అచ్చయిన 'అలరించిన మాక్ డ్రిల్' వార్త పాఠకులకు గుర్తుండే ఉంటుంది. షామియానా, ముఖ్య అతిథి, నలగని యూనిఫారాలు, చప్పట్లు అన్నీ అందులో ఉన్నాయి గాని, మొదటి హెచ్చరిక ఎంతసేపటికి ఊరికి అందిందో, ఏ శాఖ ఎక్కడ తడబడిందో ఒక్క వాక్యమైనా లేదు. విషవాయువు లీకైతే అధికారులు ఏం చేయగలరో తేల్చే పరీక్షను సంక్రాంతి ముగ్గుల పోటీలా వర్ణించడం ఈ పత్రిక స్థాయికి తగినది కాదు.

ఇటువంటి శిక్షణకు ముఖ్యంగా రెండు దశలుంటాయి. మొదటిది టేబుల్ టాప్, అంటే అధికారులు పటం చుట్టూ కూర్చుని, ఊహించిన ప్రమాదంలో ఎవరు ఏం చేయాలో చర్చించడం. రెండవది ఆ నిర్ణయాలను క్షేత్రంలో ఆచరించి చూడడం. ఈ రెండూ లోపాలను బయటపెట్టడానికే ఏర్పడినవి కనుక, ఏ లోపమూ కనిపించని డ్రిల్‌లో పరీక్షే జరగలేదని భావించవలసి ఉంటుంది. లోపాల నుంచే మంచి పద్ధతులు పుడతాయి: 1970లో కాలిఫోర్నియా కార్చిచ్చుల వద్ద అనేక సంస్థలు వేర్వేరు ఆదేశాలతో పనిచేసి గందరగోళపడిన అనుభవం నుంచే ఏకీకృత ఆదేశ పద్ధతి రూపుదిద్దుకుంది. దానిని మన పాలనావ్యవస్థకు అనుగుణంగా మలచి, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో 'ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్' మార్గదర్శకాలను వెలువరించింది. జిల్లాలో కలెక్టరు బాధ్యుడిగా, ఆయన కింద ఘటనా స్థలానికి ఒక కమాండరు, ఆ కమాండరు కింద క్షేత్రచర్య, ప్రణాళిక, సరఫరా విభాగాలు ఉండాలన్నది దాని సారాంశం.

కాగితం మీది ఏర్పాటుకు, అర్ధరాత్రి అవసరానికి మధ్య ఎంత దూరముందో విశాఖ వాసులకు ఎవరూ బోధించనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం వైపు వ్యాపించి 12 మంది మరణించినప్పుడు ప్రజలను మేల్కొలపవలసిన సైరన్ మోగనే లేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది.

ఈ లేఖకుని నివాసం ఒక రసాయన కర్మాగారం ప్రహరీకి ఆనుకున్న కాలనీలో ఉంది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం కర్మాగారం వెలుపలి ప్రాంతానికి వర్తించే అత్యవసర ప్రణాళికను ఏడాదికి ఒకసారైనా అభ్యాసం చేయాలి. ప్రమాదం ఎటువంటిదో, ఏం చేయాలో, ఏం చేయకూడదో చుట్టుపక్కల ప్రజలకు తెలియజేయాలి. ఆ హక్కుతోనే ఈ లేఖకుడు సంబంధిత కార్యాలయానికి వెళ్లి, సైరన్ ఎన్నిసార్లు మోగితే ఏమని అర్థం, ఏ దిక్కుకు వెళ్లాలి అని అడిగితే, "మాస్టారూ, మీకెందుకండీ ఇవన్నీ, ఏదైనా జరిగితే మేమే చెబుతాం కదా" అన్న జవాబు వచ్చింది. రాతపూర్వకంగా అడిగితే ప్రణాళిక వేరే శాఖ వద్ద ఉందన్నారు; ఆ శాఖవారు మొదటి కార్యాలయం వైపే వేలు చూపారు. తీరా డ్రిల్ రోజున సైరన్ మోగితే కాలనీవాసులు అది షిఫ్టు మారే సైరన్ అనుకుని ఎవరి పనిలో వారు ఉండిపోయారు. సాయంత్రం కరపత్రాలు మాత్రం అందాయి, అదీ అచ్చమైన ఇంగ్లీషులో! స్టైరీన్ వంటి ఆవిర్లు గాలి కన్నా బరువైనవి కనుక పల్లంలో పేరుకుంటాయనీ, గాలి వీచే దిశలోనే పరుగెత్తకుండా దానికి అడ్డంగా తప్పుకోవాలనీ చెప్పే ముక్క వాటిలో లేదు. అతిథుల పేర్లు మాత్రం హోదాల క్రమంలో ఉన్నాయి.

బదిలీల సంగతి వేరే లేఖకు తగినదే అయినా ఇక్కడ విడిచిపెట్టడం కుదరదు. శిక్షణ పొందిన తహసీల్దారు కొద్ది నెలలకే మరో మండలానికి వెళితే, వచ్చినవారికి ఆ ప్రణాళిక బీరువాలో ఎక్కడుందో కూడా తెలియదు. విజయవాడకు దగ్గరలోని కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ ఇన్‌స్టిట్యూట్ దక్షిణ ప్రాంగణాన్ని, జాతీయ విపత్తు స్పందన దళం పదవ బెటాలియన్ ప్రాంగణాన్ని 2025 జనవరిలో ప్రారంభించారు. శిక్షణకు ఇంత చేరువలో వసతి ఉండగా, ఎవరు ఏ శిక్షణ పొందారన్న వివరం అధికారి సర్వీసు పుస్తకంలో నమోదై, బదిలీ సమయంలో లెక్కకు రావడం అసాధ్యమేమీ కాదు.

మళ్లీ పత్రిక విషయానికి వస్తే, విలేకరులు షామియానాలో కూర్చోక ప్రహరీ అవతలి కాలనీలో నిలబడితే అసలు వార్త దొరికేది. ముందుగా ప్రకటించకుండా రాత్రివేళ కూడా డ్రిల్ నిర్వహించాలనీ, బయటపడిన లోపాల నివేదికను తెలుగులో ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ ఈ పత్రిక అధికారులను నిలదీయాలి. తదుపరి డ్రిల్ వార్తలో ముఖ్య అతిథి ఫొటో స్థానంలో ఆ లోపాల జాబితాను ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం