పడుగు చైనాది, పేక మనది



విదేశీ వస్తువులు కొనవచ్చునా, ఒక దేశపు ఉద్యోగాలు మరొక దేశానికి తరలిపోవడం న్యాయమా అన్న చర్చ ఎక్కడ మొదలైనా నేను సాధారణంగా మౌనం వహిస్తాను. అభిప్రాయం లేక కాదు. నా అభిప్రాయాన్ని నా బుద్ధి చెబుతున్నదా, నా జీతం చెబుతున్నదా అన్న సందేహం వల్ల. ఆ సందేహం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అయినా ఇన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న నాలుగు మాటలు ఈ టపాలో రాసేస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు.

మాది హిందూపురం ప్రాంతం. నా చదువు కొంత ధర్మవరంలో సాగింది. ఈ రెండు ఊళ్ళూ ఒకప్పుడు అనంతపురం జిల్లాలోనివి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు ఉన్నది, ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలు ఉన్నాయి. ఒక ఊరు పురుగును పెంచుతుంది, మరొక ఊరు చీర నేస్తుంది. దూరం నుండి చూసేవారికి ఈ రెండింటి క్షేమమూ ఒకటేనని తోస్తుంది. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి, 2011 వరకు.

ఆ సంవత్సరం కేంద్ర బడ్జెటులో ముడిపట్టు మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. చైనా పట్టుదారం చౌక అయింది. పట్టుగూళ్ళ ధరలు పడిపోయాయి. మా మేనమామ రెండెకరాలలో మల్బరీ వేసి పురుగులు పెంచేవాడు. ఆ పని తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పురుగు గుడ్డు పగిలిన నాటి నుండి గూడు కట్టే దాకా సుమారు నాలుగు వారాలు ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. వేళకు ఆకు కోసి వేయాలి, వేడి పెరగకుండా చూడాలి, పక్క పొలంలో ఎవరైనా పురుగుమందు కొట్టినా ఇక్కడ పంట పోతుంది. ఆ వేసవిలో మామ నాకు ఫోను చేశాడు. "అల్లుడూ, గూళ్ళు మార్కెట్టుకు తోలిన బాడుగ కూడా రాలేదప్పా. తోట పీకేస్తున్నా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

అదే నెలలో ధర్మవరంలోని నా బాల్యమిత్రుణ్ణి కలిశాను. వాళ్ళది మగ్గం ఇల్లు. నేను మామ సంగతి చెప్పి, చైనా పట్టును నాలుగు తిట్లు తిట్టాను. అతడు విని ఊరుకున్నాడు. తరువాత మగ్గం దగ్గరకు పిలిచి పడుగు చూపించాడు. "ఇది చైనాది. పొడుగునా ఒకటే సన్నం, తెగదు. పేక మనది. నాకు దారం ధర తగ్గితేనే నాలుగు రూపాయలు మిగిలేది. సుంకం పెంచమని మీ మామ అడుగుతాడు, తగ్గించమని నేను అడుగుతాను. నువ్వు ఎవరి వైపో చెప్పు" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. 2013లో సుంకాన్ని తిరిగి 15 శాతానికి పెంచినప్పుడు కూడా నాకు జవాబు దొరకలేదు. మామ తోట అప్పటికే లేదు. పీకిన మల్బరీ మళ్ళీ నాటి, ఆకు చేతికి రావడానికి పట్టే కాలాన్ని బడ్జెటు ప్రసంగాలు లెక్కలోకి తీసుకోవు కదా!

విదేశీ వస్తువు మన దేశాన్ని ముంచుతుంది అనే వాక్యంలో మొదటి లోపం ఇక్కడే ఉన్నదని నాకు తోస్తుంది. అందులో దేశం ఒకే మనిషి అయినట్లు ధ్వనిస్తుంది. కానీ ఒకే జిల్లాలో, ఒకే దారానికి రెండు కొసల దగ్గర ఇద్దరు మనుషులు ఉన్నారు. దిగుమతి ఒకరికి ఉరి, ఒకరికి ఊపిరి. దిగుమతులు మంచివి అని స్థూలంగా చెప్పే ఆర్థికవేత్తలదీ అదే లోపం. మొత్తం మీద లాభం ఎక్కువ అన్న వారి లెక్క చాలా సందర్భాలలో నిజమే కావచ్చు. అయితే లాభం లక్షలమందికి తలా కొన్ని రూపాయలుగా చెదిరిపోతుంది, నష్టం మాత్రం కొన్ని వేల కుటుంబాల మీద కుప్పగా పడుతుంది. చీర మీద వంద రూపాయలు మిగిలినవాడికి అది గుర్తుండదు. తోట పీకేసినవాడు మరచిపోలేడు.

ఇక నా జీతం సంగతి. హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో. ఆ తరువాతి సంవత్సరాలలో ఉద్యోగంలో చేరిన వేలమంది తెలుగువారిలో నేనొకణ్ణి. 2004లో మా సంస్థ నన్ను అమెరికాలోని ఒక బీమా కంపెనీకి మూడు నెలల పాటు పంపింది. అక్కడి ఉద్యోగి ఒకరి దగ్గర పని నేర్చుకుని, ఆ పనిని హైదరాబాదుకు తీసుకురావడం నా బాధ్యత. ఆయనకు యాభై దాటాయి. నేను నేర్చుకోవడం పూర్తయిన రోజున ఆయన ఉద్యోగం కూడా పూర్తవుతుందని ఇద్దరికీ తెలుసు. ఆ ఏడాది అక్కడ అధ్యక్ష ఎన్నికలు. ఉద్యోగాల తరలింపు గురించి టీవీలో ప్రతిరోజూ వాదోపవాదాలే. ఆయన మాత్రం ఆ మాట నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు.

వెళ్ళిపోయే రోజున తన చేతిరాత నోటుపుస్తకం నాకిచ్చి ఒక పేజీ చూపించాడు. నెలాఖరు లెక్కలలో లీపు సంవత్సరంలో మాత్రమే కనబడే పొరపాటు ఒకటి ఉన్నదట. ఆ ఫిబ్రవరిలో తానే కూర్చుని చేత్తో సరిదిద్దాడట. "2008 ఫిబ్రవరి 29న మరచిపోవద్దు" అన్నాడు. నాలుగేళ్ళ తరువాత ఆ రోజు రాత్రి సరిగ్గా ఆ లెక్కే ఆగిపోయింది. మేము ఆ పేజీ తెరిచి గంటలో బాగుచేశాము. మరునాడు మా అధికారి మమ్మల్ని అభినందించాడు. ఆయన ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ ఎవరం చేయలేదు.

అంటే, చైనా దారం మా మామకు చేసినదే నేను ఆయనకు చేశాను. తక్కువ ధరకు అదే పని. మామ విషయంలో దానిని అన్యాయమన్నాను, నా విషయంలో ప్రతిభ అన్నాను. మనలో చాలామంది ఇప్పటికీ ఈ రెండు తక్కెడలతోనే తూస్తున్నామని నా నమ్మకం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు భీమవరం వైపు రొయ్యల రైతుల కోసం బాధపడ్డాము. ఆ సెప్టెంబరులో, బయటి దేశాలకు పని అప్పగించే అమెరికన్ కంపెనీల చెల్లింపుల మీద 25 శాతం పన్ను వేయాలంటూ అక్కడి సెనేట్‌లో బిల్లు ప్రవేశపెట్టినప్పుడు ఆగ్రహించాము. ఆ బాధా, ఆ ఆగ్రహమూ సహజమే. కానీ చైనా బొమ్మలను నిషేధించాలని సంతకాలు పెట్టేదీ మనమే!

నిజానికి ఈ కథలో మనం ఎప్పుడూ ఒకే పాత్ర ధరించలేదు. పదిహేడవ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుండి వెళ్ళిన అద్దకపు బట్టలు యూరపును ముంచెత్తాయి. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో అటువంటి బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరొకసారి చట్టాలు చేసింది. 1719లో లండను నేతగాళ్ళు అద్దకపు బట్ట కట్టిన స్త్రీల మీద వీధులలో దాడులు చేశారు. ఆనాటి విదేశీ వస్తువు మనది, పస్తులున్న నేతగాడు వారివాడు. ఆ తరువాత మాంచెస్టరు మిల్లుగుడ్డ వచ్చి లెక్క తిరగబడింది. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ తేదీనే 2015 నుండి జాతీయ చేనేత దినంగా జరుపుకుంటున్నాము.

స్వదేశీ అనగానే మనకు గుర్తుకు వచ్చేది విదేశీ గుడ్డల మంట. నాకు మాత్రం 1931 సెప్టెంబరు గుర్తుకు వస్తుంది. రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీజీ లంకషైర్ వెళ్ళి, పని కోల్పోయిన మిల్లు కార్మికులను కలుసుకున్నారు. ఆయన పిలుపునిచ్చిన బహిష్కరణ కూడా వారి కష్టాలకు ఒక కారణమే. ఆయన తన ఉద్యమాన్ని వెనక్కి తీసుకోలేదు, క్షమాపణ చెప్పలేదు. కానీ నష్టపోయినవారి ముందుకు వెళ్ళి నిలబడ్డారు, వారి కష్టం విన్నారు, మన పేదరికాన్ని వారికి చెప్పారు. ఆ కార్మికులు ఆయనను ఆదరంగా చూశారు. నిర్ణయం తీసుకునే ప్రతి ఒక్కరికీ ఇది కనీస ధర్మమని నేననుకుంటాను. మా సంస్థగాని, నేనుగాని ఆ పని చేయలేదు.

అయితే స్వదేశీ వస్తువే కొనాలన్న నియమం పెట్టుకుంటే సరిపోదా అని అడగవచ్చు. ఏది స్వదేశీ? హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ ఉన్న పెనుకొండ దగ్గర 2019 నుండి కొరియా కంపెనీ కార్లు తయారవుతున్నాయి. ఆ కారు విదేశీయా, స్వదేశీయా? పేరు కొరియాది, చెమట మన జిల్లాది. మరి మనం గర్వంగా కట్టే ధర్మవరం చీరలో పడుగు చైనాది. వస్తువు మీది ముద్ర చూసి దేశభక్తిని తూచడం ఇక సాధ్యం కాదు.

తలుపులు మూయడం పరిష్కారమని నేను అనను. మూసిన తలుపుల వెనుక నాసిరకం వస్తువులకు వరుసలో నిలబడిన రోజులు మా తరానికి గుర్తే. బయటి పని రాకపోతే నా బోటి వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఎట్లా వెలిగేదో తెలియదు. కానీ తలుపులు తెరిచేవారికి రెండు బాధ్యతలున్నాయి. ఒకటి, వ్యవధి ఇవ్వడం. సుంకాన్ని ఒక్క బడ్జెటులో 25 శాతం దించే బదులు, ఏటా కొంత చొప్పున దించుతామని ముందుగా చెబితే మామ వంటివాళ్ళు తోట తగ్గించుకుని మరో పంట చూసుకుంటారు. రెండవది, లాభపడినవారి నుండి కొంత తీసి నష్టపోయినవారికి ఇవ్వడం. అమెరికాలో దిగుమతుల వల్ల ఉపాధి పోయినవారికి భృతి, శిక్షణ ఇచ్చే పథకం 1962లోనే వచ్చింది. సాఫ్ట్‌వేర్ వస్తువు కాదన్న వాదనతో మొదట్లో ఆ రంగం వారికి నిరాకరించారు, 2009లో సేవారంగానికి విస్తరించారు, 2022 జూలై నుండి కొత్త దరఖాస్తులు తీసుకోవడం మానేశారు. అంటే నాకు పని నేర్పిన ఆయనకు అది అందవలసిన రోజులలో ఆయన వంటివారికి తలుపు మూసే ఉంది. వారికి ఉన్నది అంతంతమాత్రం, మనకు అదీ లేదు.

చివరగా ఒక మాట. 2016లో మా పని కూడా మరో దేశానికి తరలిపోయింది. ఇద్దరు కుర్రవాళ్ళకు రెండు నెలల పాటు వీడియోలో పని నేర్పాను. మంచి పిల్లలు, చురుకైనవాళ్ళు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. లీపు సంవత్సరం సంగతి కూడా చెప్పాను. చెబుతున్నప్పుడు వాళ్ళలో ఒకడు, ఈ పొరపాటు ఎవరు కనిపెట్టారని అడిగాడు. ఆయన పేరు చెప్పాను. నాకు ఐదు నెలల తరువాత, తక్కువ జీతానికి, మరో ఉద్యోగం దొరికింది. మామకు తోట మళ్ళీ రాలేదు.

నా మిత్రుడు వేసిన ప్రశ్నకు ఇప్పటికి నేను చెప్పగల జవాబు ఇంతే: దారం రానివ్వాలి, కానీ ఆ దారం వల్ల మిగిలిన నాలుగు రూపాయలలో ఒక రూపాయి హిందూపురం చేరాలి. అది చేరనంత వరకు చౌక అన్న మాటను నేను పూర్తిగా నమ్మలేను.

మీ అభిప్రాయం వేరైతే తప్పక చెప్పండి.