గీసే చేతికో అలవాటు

నార్వేలో విక్ అని ఓ చిన్న ఊరుంది. సముద్రం పాయలా కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన చోట, ఆ నీటి ఒడ్డున ఉంటుంది. అక్కడి టోర్‌స్టెయిన్ హోన్సీ అనే ప్రోగ్రామర్ కుటుంబానికి దగ్గర్లోని కొండమీద ఓ చిన్న విడిది ఇల్లు ఉంది. ఆ కొండమీద మంచు ఎంత మందాన పడిందో తన వెబ్‌సైట్లో గ్రాఫు గీసి చూపించాలని ఆయనకు సరదా పుట్టింది. దొరికిన పరికరాలేవీ నచ్చలేదు. సరే, తనే ఒకటి రాసుకున్నాడు. 2009లో బయటికొచ్చిన ఆ సరదా పేరే హైచార్ట్స్. కొండమీది మంచు కోసం పుట్టిన ఆ కోడే ఇప్పుడు షేర్ల ధరలకీ, కంపెనీల జమాఖర్చులకీ బొమ్మలు గీస్తోంది.

హైచార్ట్స్‌లాంటి వాటిని చార్టింగ్ లైబ్రరీలంటారు. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల గది కాదు. ఎవరో రాసిపెట్టిన కోడు మూట. వెబ్‌సైట్ తయారుచేసే కుర్రాడు గీతలూ, బార్లూ, గుండ్రటి పై చార్టులూ మొదటినుంచీ తను గీసుకుంటూ కూర్చోడు. అంకెలు ఇస్తాడు, ఏ రకం బొమ్మ కావాలో చెబుతాడు. మిగతాదంతా లైబ్రరీ చూసుకుంటుంది. పెళ్లికి వంటవాళ్లను పిలిచి సరుకులు అప్పజెప్పినట్టన్నమాట. వంట మనం చెయ్యక్కర్లేదు. కాకపోతే, ప్రత్యేకంగా చెబితే తప్ప ఉప్పూ కారం వాళ్ల చేతి అలవాటే!

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో లైబ్రరీ ఎంచుకునేటప్పుడు ఈ చేతి అలవాటు సంగతి ఎవరికీ పట్టదు. ఏ బొమ్మ అందంగా ఉంది, ఏది గిర్రున తిరుగుతోంది, ఏది ఉచితం... చర్చంతా వీటిమీదే నడుస్తుంది. అసలు చిక్కు వేరేచోట ఉంది.

ఓ కాలేజీలో ఇంటర్ పాసైనవాళ్లు వరసగా నాలుగేళ్లు 92, 93, 94, 95 శాతం అనుకోండి. ఈ నాలుగంకెలూ చార్ట్.జేఎస్ అనే లైబ్రరీకిచ్చి గీత గియ్యమంటే, నిలువు కొలత 92 దగ్గర మొదలుపెట్టి 95 దగ్గర ఆపేస్తుంది. గీత కింది మూల నుంచి పై మూలకు నిచ్చెనలా లేస్తుంది. చూసినవాళ్లు ‘అబ్బో, ఏం దూసుకుపోతున్నారు!’ అనుకుంటారు. అవే నాలుగంకెలూ ఈచార్ట్స్‌కివ్వండి. అది సున్నా నుంచి 100 దాకా కొలత వేస్తుంది. గీత ఎక్కడో పైన దాదాపు బల్లపరుపుగా పడుంటుంది. ‘నాలుగేళ్లయినా ఉన్నచోటే ఉన్నారే!’ అనిపిస్తుంది. అంకెలు అవే. కాలేజీ అదే. గీసిన చెయ్యి మారిందంతే.

రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. బార్లయితే సున్నా నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే బారు పొడవే అక్కడ విలువ. ఈ విషయంలో పేరున్న లైబ్రరీల్లో చాలావరకు ఇప్పుడు ఒక్కమాట మీదే ఉన్నాయి. గీతల దగ్గరే తేడా వస్తుంది. జ్వరం చూసే గ్రాఫు సున్నా నుంచి మొదలైతే 98.6కీ 103కీ తేడా తెలియదు. అక్కడ చార్ట్.జేఎస్ పద్ధతే మేలు. కాలేజీ ప్రచారానికైతే ఈచార్ట్స్ పద్ధతే నిజాయతీ. మార్చుకోవడం రెండింట్లోనూ ఒక్క మాటతో అయ్యే పని. కానీ మార్చాలని తెలిసినవాడు ఉండాలిగా! గడువు తరుముతున్న ప్రోగ్రామర్ బొమ్మ రాగానే ఊపిరి పీల్చుకుంటాడు. పై అధికారి రంగులు చూసి తలూపుతాడు. కొలత ఎక్కడ మొదలవ్వాలో ఆ ఇద్దరూ నిర్ణయించలేదు. వాళ్లకు ముఖపరిచయం లేని మూడోవాడెవరో ఎప్పుడో నిర్ణయించాడు.

ఈ ముందస్తు నిర్ణయాలేవీ చెయ్యని లైబ్రరీ కూడా ఒకటుంది. దానిపేరు డీత్రీ. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మైక్ బోస్టాక్, వదీమ్ ఒగీవెట్‌స్కీ, ప్రొఫెసర్ జెఫ్రీ హీర్ కలిసి 2011లో తీసుకొచ్చారు. బోస్టాక్ తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో చేరి, పత్రికల్లో వచ్చే గ్రాఫుల తీరునే మార్చినవాళ్లలో ఒకడయ్యాడు. డీత్రీ వంటవాళ్లను పంపదు. పొయ్యి, గరిటె, తూకం రాళ్లు ఇచ్చి ‘వండుకో’ అంటుంది. కొలత ఎక్కడ మొదలవ్వాలో, బారు ఎంత వెడల్పుండాలో అన్నీ మీరే చెప్పాలి. చార్ట్.జేఎస్‌లో అరగంటలో వచ్చే బొమ్మకి కొత్తవాళ్లు ఇక్కడ రెండు రోజులు కష్టపడతారు. అయితే ఆ రెండు రోజుల్లో ప్రతి గీత గురించీ ఆలోచించక తప్పదు. అదీ దాని సుగుణం.

ఆ కష్టానికి ఫలితం మన దేశంలో లక్షలమంది చూశారు. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు కొందరు స్వచ్ఛంద సేవకులు కొవిడ్19ఇండియా అనే వెబ్‌సైట్ పెట్టారు. రాష్ట్రాలవారీ, జిల్లాలవారీ లెక్కలు సేకరించి పెట్టేవారు. అందులోని పటాలూ, గీతలూ డీత్రీతో గీసినవే. గ్రాఫుల దగ్గర రెండు మీటలుండేవి. ఒకటి నొక్కితే కేసులు, కోలుకున్నవాళ్లు, మరణాలు అన్నీ ఒకే కొలత మీదికొచ్చేవి. రెండోది నొక్కితే లాగరిథమ్ కొలత. ఇందులో 100 నుంచి 1,000కి ఎంత ఎత్తో, 1,000 నుంచి 10,000కీ అంతే ఎత్తు. మామూలు కొలతలో గుండె జారిపోయేలా నిట్టనిలువుగా కనిపించే గీత ఇందులో వంగినట్టుంటుంది. వ్యాధి వేగం తగ్గుతోందా లేదా అన్నది చెప్పేది ఇదే. రోజుకి ఎందరు కొత్తగా ఆస్పత్రికొస్తారో చెప్పేది మాత్రం మామూలు కొలతే. రెండూ చూడాలి. ఏది ముందు చూపాలన్నది లైబ్రరీకి వదిలెయ్యకుండా మీట చూసేవాడి చేతికే ఇచ్చారు. ఆ వెబ్‌సైట్ 2021 అక్టోబరు 31తో సేవలు ఆపేసింది.

అదే కాలంలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర ఆరోగ్యశాఖ పెట్టిన ఓ బార్ చార్టు నవ్వులపాలైంది. 2020 మే నెల మాట. ఎక్కువ కేసులున్న అయిదు కౌంటీల లెక్క అది. చూస్తే బార్లు చక్కగా ఎడమ నుంచి కుడికి తగ్గుతూ వచ్చాయి. హమ్మయ్య, వ్యాధి తగ్గిందనుకుని కింద తేదీలు చదివితే మే 7 తర్వాత ఏప్రిల్ 26 ఉంది! తేదీల వరస కాదు, అంకెల వరస పెట్టారు. విమర్శలు వచ్చాక దిద్దారు, గవర్నరు కార్యాలయం క్షమాపణ చెప్పింది. పరికరం తప్పని దీన్ని అనలేం. ఏ వరసలో పెట్టమంటే ఆ వరసలో పెట్టడమే దాని పని. కాలానికి వెనక్కి నడక ఉండదని దానికి తెలియదు.

ఇక లోపలి సంగతి. తెరమీద బొమ్మ గియ్యడానికి బ్రౌజర్లో ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది ఎస్‌వీజీ. సంక్రాంతి బొమ్మలకొలువులాంటిది. ప్రతి బారూ, ప్రతి చుక్కా విడి బొమ్మ. దేన్నయినా ముట్టుకోవచ్చు, జరపొచ్చు, రంగు మార్చొచ్చు. డీత్రీ, హైచార్ట్స్ ఎక్కువగా ఈ దారిలోనే వెళ్తాయి. చూపులేనివాళ్లకు తెరమీది రాతలు చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌కి కూడా ఇదే అనుకూలం. హైచార్ట్స్‌లోనైతే గీత ఎత్తుపల్లాల్ని శబ్దంగా వినిపించే ఏర్పాటు కూడా ఉంది. ఇబ్బందల్లా ఒకటే, కొలువులో పదివేల బొమ్మలు పెడితే మెట్లు వంగిపోతాయి. ఫోను బిగుసుకుపోతుంది.

రెండోది కాన్వాస్. ఇది గోడమీద వేసిన రంగుల బొమ్మ. ఎన్ని చుక్కలు పెట్టినా గోడకి బరువు లేదు. కానీ ఒక్క చుక్క మార్చాలన్నా సున్నం కొట్టి మళ్లీ వెయ్యాల్సిందే. చార్ట్.జేఎస్‌ది ఈ దారే. ఈచార్ట్స్ కూడా మొదట ఇలాగే ఉండేది, తర్వాత రెండు దారులూ నేర్చుకుంది. నెలకోసారి మారే పన్నెండు బార్లకి ఏదైనా ఒకటే. క్షణక్షణం మారే వేల చుక్కలకైతే కాన్వాసే దిక్కు.

బరువు సంగతీ చూడాలి. ప్లాట్లీ అనే లైబ్రరీ శాస్త్రవేత్తలకు ప్రాణం. త్రీడీ బొమ్మలతో సహా అన్నీ గీస్తుంది. కానీ మొత్తం మూట కుదించి పంపినా ఒక ఎంబీ దాటుతుంది. ఈచార్ట్స్ 300 కేబీల పైన. చార్ట్.జేఎస్ వంద కేబీల లోపు. హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చుని చూస్తే మూడూ రెప్పపాటులో వస్తాయి. సిగ్నల్ ఒక గీతే ఉన్న పల్లెలో, మార్కెట్ యార్డు ధర చూసుకుంటున్న రైతు ఫోనులో అలా కాదు. మూడు బార్లు చూపించడానికి ఆయనచేత ఎంబీ డేటా మోయించడం ఎందుకు?

మనవాళ్లకు మరో తలనొప్పి ఉంది. లక్షలు, కోట్లు! ఈ లైబ్రరీల్లో చాలావాటికి లక్షంటే ఏమిటో తెలియదు. 1,50,000 అనాల్సినచోట డీత్రీ, ఈచార్ట్స్ మామూలుగా 150,000 అని కామా పెడతాయి. హైచార్ట్స్ అయితే నూటయాభై పక్కన ‘కె’ అక్షరం తగిలిస్తుంది. చార్ట్.జేఎస్ తీరు మరీ చిత్రం. చూసేవాడి బ్రౌజర్ భాష ఏదైతే ఆ పద్ధతి పాటిస్తుంది. ఒకే పేజీ మేనేజర్ కంప్యూటర్లో లక్షల్లో, పక్కసీటు ఆయన కంప్యూటర్లో వేలల్లో కనిపించొచ్చు. అన్నింట్లోనూ దీన్ని సరిదిద్దుకునే వీలుంది. డీత్రీలో భారతీయ పద్ధతి ముందే రాసిపెట్టి ఉంది కూడా. అడగాలంతే.

ఆయుష్షు మాటేమిటి? కోల్‌కతాలో పల్లవ్ నధాని అనే పదిహేడేళ్ల కుర్రాడు 2002లో ఫ్యూజన్‌చార్ట్స్ మొదలుపెట్టాడు. ఫ్లాష్‌లో కదిలే చార్టులు అప్పట్లో ఓ అద్భుతం. దేశదేశాల కంపెనీలు కొన్నాయి. అమెరికా ప్రభుత్వం తన ఐటీ ఖర్చులు జనానికి చూపిన డ్యాష్‌బోర్డులోనూ అవే. ఇంతలో ఐఫోన్ ఫ్లాష్‌ని గుమ్మం తొక్కనివ్వలేదు. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కి మంగళం పాడింది. పన్నెండు రోజుల తర్వాత ఫ్లాష్ బొమ్మలు తెరుచుకోవడమే మానేశాయి. నధాని ముందుచూపున్నవాడు కాబట్టి చాలా ఏళ్ల ముందే జావాస్క్రిప్టుకి మళ్లాడు. 2020లో ఆ కంపెనీని అమెరికాకు చెందిన ఐడెరా కొనుక్కుంది. పాత ఫ్లాష్ చార్టులు మార్చుకోకుండా కూర్చున్న వెబ్‌సైట్లలో మాత్రం గ్రాఫు ఉండాల్సినచోట ఖాళీ డబ్బా మిగిలింది.

పెద్దవాళ్ల నీడలో ఉంటే భయం లేదనుకోవడమూ పొరపాటే. గూగుల్ 2007లో ఓ సేవ పెట్టింది. వెబ్ చిరునామాలోనే అంకెలు ఇరికించి పంపితే చార్టు బొమ్మ తిరిగొచ్చేది. ఎంత హాయి! 2012లో ‘ఇక వాడొద్దు’ అంది, 2019 మార్చిలో ఆపేసింది. ఇప్పుడున్న గూగుల్ చార్ట్స్ వేరు, అదీ గూగుల్ సర్వర్ నుంచి తెచ్చుకుని వాడాల్సిందే తప్ప మన సర్వర్లో దాచుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఇంటర్నెట్ లేని ఆఫీసు నెట్‌వర్కులో అది పనికిరాదు. ఈచార్ట్స్ కథ దీనికి తిరగేసింది. చైనా కంపెనీ బైదూ 2013లో దాన్ని బయటపెట్టింది, 2018లో అపాచీ ఫౌండేషన్ గూటికి చేర్చింది. రేపు బైదూ మనసు మార్చుకున్నా కోడు ఎక్కడికీ పోదు.

బతికున్న లైబ్రరీ కూడా ఒక్కోసారి మొండిచెయ్యి చూపిస్తుంది. 2016లో డీత్రీ నాలుగో వెర్షన్‌లో ఆజ్ఞల పేర్లే మారిపోయాయి. పాత కోడు కొత్త వెర్షన్‌తో నడవలేదు. దానిమీద ఆధారపడి కట్టుకున్న చిన్న లైబ్రరీల్లో కొన్ని అక్కడే ఆగిపోయాయి.

డబ్బుల విషయానికొస్తే డీత్రీ, చార్ట్.జేఎస్, ఈచార్ట్స్, ప్లాట్లీ జావాస్క్రిప్టు లైబ్రరీ... ఇవన్నీ వ్యాపారానికి కూడా ఉచితమే. హైచార్ట్స్, ఫ్యూజన్‌చార్ట్స్‌కి మాత్రం లైసెన్సు కొనాలి. హైచార్ట్స్ కోడు ఎవరైనా దించుకుని చూడొచ్చు కాబట్టి ఉచితమేననుకుని వాడేసి, ప్రాజెక్టు అప్పగించేరోజున నాలుక కరుచుకునేవాళ్లుంటారు. లైసెన్సు కొన్నందుకు ఫిర్యాదు చేస్తే పలికే మనిషి దొరుకుతాడు. బ్యాంకులకీ, ఆస్పత్రులకీ అది చిన్న విషయం కాదు.

ఒక్క వారం తీరిక చేసుకుని, తయారీదారు చూపించే నమూనా అంకెలు కాకుండా తమ సొంత అంకెలతో రెండు మూడు లైబ్రరీల్లో అదే చార్టు గీయించి చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి. ఆఫీసులో ఉన్నవాటిలో అతి పాత ఫోనులో తెరవాలి. కొన్ని అంకెలు ఖాళీగా వదిలి, ఆ ఖాళీని సున్నాగా గీస్తోందా, గీత తెంపుతోందా చూడాలి. జిల్లాల పేర్లు తెలుగులో పెట్టి పీడీఎఫ్‌గా దించుకోవాలి. తెరమీద ముద్దుగా కనిపించిన శ్రీకాకుళం, కొన్ని పీడీఎఫ్ పరికరాలకు ఒత్తులు పేర్చడం రాక, కాయితం మీద ‘శ్ రీ కాకుళం’ అయి కూర్చుంటుంది.