చెప్పి పోండి

పోయిన నెల పిల్లల భయాల మీద రాసినాక, సోలాపూర్‌లో బీడీలు చేసే ఒక చెల్లె నన్ను అడిగింది: "అక్కా, మావాడికి మూడేండ్లు. పుట్టుకతోనే చెవులు వినబడవు. మిషన్ పెట్టించినం. నేను బీడీలు ఇచ్చేటందుకు బయలెల్లితే కొరుకుతడు, తల గోడకు కొట్టుకుంటడు. అందుకే వాడు ఆటలో ఉన్నప్పుడు చాటుగా పోతున్న. ఈ మొండితనం ఎట్లా మాన్పాలె?"

నాకైతే అది మొండితనం అనిపించలేదు. వినే పిల్లవాణ్ణి చూడండి. "ఇచ్చొస్తా" అని అమ్మ అత్తతో అంటుంది, చెప్పుల చప్పుడవుతుంది, వాకిట్లో పక్కింటామెతో రెండు మాటలు. వాడికి ఎవరూ చెప్పకున్నా తెలిసిపోతుంది. వినబడని వాడికి ఇవేవీ లేవు. తల తిప్పేసరికి అమ్మ లేదు. వస్తదో రాదో తెల్వదు. ఇక ఆట మీద మనసెట్లా నిలుస్తుంది?

అందుకే చాటుగా పోవద్దు. వాడి ముందు కూర్చోండి, మీ ముఖం మీద వెలుతురు పడాలి. బీడీల చాట చూపండి, వాకిలి చూపండి, మళ్లీ వస్తానని చేత్తో చూపండి, నోటితోనూ చెప్పండి. రోజూ అదే సైగ. కొన్నాళ్లు ఏడుస్తాడు, ఏడవనీయండి. కోపానికి, భయానికి, నొప్పికి కూడా ఒక్కో సైగ ఉండాలి. తాతను ఆస్పత్రికి తీసుకపోతే ఎందుకో వాడికీ చెప్పాలి.

సైగలు మనకు కొత్తా? సాంచాల చప్పుడులో దారం తెగిందని వేళ్లతో, మేస్త్రి వస్తున్నాడని కళ్లతో చెప్పుకునేవాళ్లం మనమే. పెదవులు చూసి మాట పట్టేవాళ్లూ ఉన్నారు. ఆ నేర్పు కార్ఖానా గేటు దగ్గరే వదిలేసి ఇంటికొస్తారు మగవాళ్లు!

సైగ చేస్తే నోరు రాదని పెద్దవాళ్లు భయపెడతారు. నేనొప్పుకోను. తల్లిదండ్రులు కూడా వినలేనివాళ్లయి, పుట్టినప్పటి నుంచి సైగలతో మాట్లాడిన పిల్లలు ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడంలో వినే పిల్లలకు తీసిపోరని పరిశోధకులు చూశారు. ఎవరూ ఏమీ చెప్పని ఇంట్లోనే పిల్లలు వెనకబడతారు.

ఇంట్లోనే సాంచా ఉంటే ఇంకో మాట. చెవి మిషన్ మీ మాటతో పాటు ఆ చప్పుడును కూడా పెంచుతుంది. రోజూ కాసేపు సాంచా ఆపి, లేదా దూరంగా తీసుకపోయి మాట్లాడండి. తెలుగులోనే మాట్లాడండి, మీకు నవ్వూ కోపమూ వచ్చే భాష అదే కదా.

ఆపరేషన్ సంగతి ఆలస్యం చేయొద్దు. పుట్టుకతో వినబడని పిల్లలకు కేంద్రం అడిప్ పథకంలో ఉచితంగా చేసే కాక్లియర్ ఇంప్లాంట్ 5 ఏండ్ల లోపే. అందరికీ అది సరిపడదు, పరీక్షలు చేసి డాక్టర్లే చెప్పాలి. ముందు జిల్లా సివిల్ ఆస్పత్రిలో అడగండి. ముంబై బాంద్రాలో 1983లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో పుట్టి మహారాష్ట్ర గవర్నరైన అలీ యావర్ జంగ్ పేరే దానికి పెట్టారు. కర్ణాటకలో ఉన్నవాళ్లకు మైసూరు వాక్ శ్రవణ సంస్థ దగ్గర. పోయేటప్పుడు పిల్లవాడి జన్మపత్రం, ఆధార్, రేషన్ కార్డు, పాత పరీక్షల కాగితాలు వెంట పెట్టుకోండి. ఎక్కడికి పోతున్నారో వాడికి కూడా ముందే చూపించి తీసుకపోండి.