దేశాంతరముల ముచ్చట్లు: పోలండువారి గడప



నర్సీపట్నము చుట్టుపట్ల గ్రామములనుండి ఆడుపిల్లలు చదువులకై దూరదేశములకు పోవుట ఇప్పుడు వింత కాదు. ఇంగ్లండు, అమెరికా పేరులు మన యిండ్లలో పాతబడినవి. ఈమధ్య పోలండు అను పేరుకూడ వినవచ్చుచున్నది. "అచ్చటివారు మనవారిని ఆదరింతురా? పిల్ల యొంటరిగా నెట్లుండును? ఏమి తినును?" అని మా బలిఘట్టములోనే ఇద్దరు ముగ్గురు తల్లులు మమ్ము అడిగియున్నారు. మేము ఒక చలికాలమును, దాని వెంట వచ్చిన వసంతమును వార్సా నగరమున బంధువులయింట గడపి వచ్చినవారము గనుక, చూచినది చూచినట్లు ఈ నెల వ్రాయుచున్నాము.

వార్సాలో దిగిన మొదటి వారము మా మనస్సు చివుక్కుమన్నది. వీథిలో నెవ్వరును నవ్వరు. ట్రాములో ఎదుట కూర్చున్నవారు మన మొగము చూచి చూపు త్రిప్పుకొందురు. అంగడిలో సరకు చేతికిచ్చు నామె మొగమున ఏ భావమును కానరాదు. మనయెడల ఏదో అయిష్టమని తలంచుట సహజము. కాని కొన్ని దినములు కనిపెట్టి చూడగా, వారు తమలో తాముకూడ నట్లే యుందురని తెలిసినది. ఎరుగనివారిని చూచి కారణము లేక నవ్వుట వారి మర్యాదలో చేరినది కాదు. వారి మర్యాద వేరొకచోట నున్నది. చిన్న దుకాణములో అడుగుపెట్టగనే, వైద్యునియొద్ద వేచియుండు గదిలోనికి పోగనే, మేడ లిఫ్టు ఎక్కగనే "జెన్ దోబ్రి" అని పలుకవలెను. శుభదినమని దాని యర్థము. మన పిల్లలు సిగ్గుచేత పలుకరు. వారది గర్వమని యెంచుదురు. ఈ యొక్క మాటచేత ఎన్ని బిగిసిన మొగములు విచ్చుకొనునో మేము కన్నులార చూచితిమి.

పిలుపులలో వారికిని మనకును చుట్టరికమున్నట్లు తోచును. పురుషుని "పాన్" అనియు, స్త్రీని "పాని" అనియు గౌరవింతురు. ఎదుటనున్నవారినే "పాని కాఫీ త్రాగునా?" అని ప్రథమపురుషమున అడుగుదురు. మనము "అమ్మగారు భోజనము చేసినారా?" అని అమ్మగారినే అడుగుట వంటిదే యిది. ఇంగ్లీషువారికి అందరికి నొక్కటే పిలుపు గనుక, ఇంగ్లీషు చదివిన మన పిల్లలు ఈ భేదమును మరచి పెద్దవారిని నీవు అన్నట్లు పలుకరించి చిక్కుపడుదురు. తెలుగులో ఆలోచించినచో ఆ చిక్కే లేదు. ఇంటిపేర్లలోకూడ స్త్రీపురుష భేదము కలదు. భర్త ఇంటిపేరు "స్కీ" అని ముగిసినచో భార్యది, కుమార్తెది "స్కా" అని ముగియును.

ఇక గడప సంగతి. వీథిలో రాయివలె నున్న మనుష్యుడు తన యింటి గడప దాటగనే వేరొక మనుష్యుడగును. చెప్పులు విడిచి లోనికి పోవలెను. ఇంటివారు వెంటనే గుడ్డచెప్పులు తెచ్చి పాదములకడ నుంతురు. గడపకు ఇవతల నొకరు, అవతల నొకరు నిలిచి చేయి కలుపరాదు, అది అశుభము. మనము గడపమీదుగా వస్తువు ఇచ్చి పుచ్చుకొనము గదా! చేతిసంచి నేలమీద నుంచినచో ధనము పారిపోవునందురు. పూలు తీసికొని పోవునపుడు బేసి సంఖ్యగానే కొనవలెను, సరిసంఖ్య మృతులకు. వృద్ధులు కొందరు పాతకాలపు మర్యాద ననుసరించి స్త్రీ చేతిని పైకెత్తి ముద్దిడుదురు. ఇప్పుడది తగ్గిపోవుచున్నది. ఇట్టివారు ఎదురైనపుడు మేము ముందుగనే రెండు చేతులు జోడించి నమస్కరించితిమి. వారును సంతోషముగా చేతులు జోడించిరి.

"అతిథి ఇంటికి వచ్చినచో దేవుడే ఇంటికి వచ్చినట్లు" అని వారి సామెత. ఇది వినగనే మాకు మా యూరు తలపునకు వచ్చినది. బలిచక్రవర్తి యజ్ఞము చేసిన తావు ఇదేయని స్థలపురాణము. బ్రహ్మలింగేశ్వరుని కోవెల ప్రక్కన వరాహనది ఉత్తరముగా పారుటచేత శివరాత్రికి జనము విరివిగా వచ్చి స్నానము చేయుదురు. (పోలండు మహానదియగు విస్తులా దక్షిణపు కొండలలో పుట్టి, క్రాకో, వార్సా నగరములమీదుగా వేయి కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఉత్తరమున బాల్టిక్ సముద్రమున కలియుచున్నది. మొత్తముమీద ఆ నదియు ఉత్తరవాహినియే! అయినను చలికాలమున అందు మునుగుటకు ఎంతటి పుణ్యాత్మురాలును సాహసింపదు.) మూడడుగుల నేల యడిగి ముల్లోకములను గొన్న అతిథిని ఎరిగిన యూరు మాది. ఇచ్చువాని ధర్మమును గూర్చి మన యిండ్లలో చిన్ననాటినుండి చెప్పుదుము. పుచ్చుకొనువాని ధర్మమును గూర్చి అంతగా చెప్పము. పోలండులో ఈ రెండవదానికి గొప్ప లెక్క యున్నది. మన పిల్లలు అక్కడ మూడేసి సంవత్సరములుండి ఒక్క పోలిష్ ఇంటి భోజనమైనను ఎరుగక తిరిగివచ్చుటకు మాకు తోచిన కారణమిదియే. పిలుచువారు లేక కాదు, పిలిచినపుడు ఏమి చేయవలెనో తెలియక "రాలేను" అని తప్పించుకొందురు. ఒకటి రెండు సారులు కాదన్నవారిని మూడవసారి ఎవరు పిలుతురు?

కావున తల్లులు పిల్లలకు చెప్పవలసిన దేమనగా: పిలిచిన వేళకు పోవలెను, నాలుగు నిమిషము లాలస్యమైనను కావచ్చును, ముందుగా మాత్రము పోరాదు. వట్టిచేతులతో పోరాదు. వడ్డించునపుడు ఒకమాటు వద్దన్నచో ఇంటి యజమానురాలు మనవారివలెనే మరల మరల బలవంతము చేయును. కొంచెమైనను తిని మెచ్చుకొనవలెను. శాకాహారులైనచో వడ్డనవేళ మొగము ముడుచుకొనుటకంటె పిలిచిననాడే చెప్పుట మేలు.

వారికిని మనకును ఈ అతిథిఋణము కొత్తది కాదు. 1939లో జర్మనీయు సోవియట్ రష్యాయు పోలండును పంచుకొన్నప్పుడు లక్షలకొలది పోలండువారిని రష్యావారు సైబీరియాకును, మధ్య ఆసియాకును తరలించిరి. చలికిని ఆకలికిని తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లలను 1942లో నవానగరు మహారాజు దిగ్విజయసింహజీ తన సంస్థానమునకు రప్పించి, జామ్‌నగరము చెంత బాలాచడి యను సముద్రతీరమున పోషించెను. కొల్హాపురము దగ్గర వళివడెలో 1943 మొదలు 1948 వరకు సుమారు ఐదువేలమంది పోలండువారు, అందు హెచ్చుమంది స్త్రీలును పిల్లలును, నివసించిరి. వార్సాలో "మంచి మహారాజు" పేర నొక చిన్న తోట కలదు. మేము ప్రత్యేకముగా పోయి చూచితిమి. 1935లో మన దేశమునకు వచ్చిన వాందా దినోవ్‌స్కా యను పోలండు స్త్రీ గాంధీమహాత్ముని యొద్దను, రమణమహర్షి యొద్దను మెలగి, ఉమాదేవి యను పేర పిలువబడి, 1944లో, మన జిల్లా ఇంకను మద్రాసు రాజధానిలో నున్నపుడు, మద్రాసులోనే పోలండు–భారత గ్రంథమాలను స్థాపించెను. భగవద్గీతను తన భాషలోనికి తెచ్చెను. ఆమె 1971లో మైసూరులో కన్నుమూసెను.

ఆ ఋణము 2022 ఫిబ్రవరిలో మరల కదలినది. ఉక్రెయినులో యుద్ధము పుట్టగా, అచ్చట వైద్యము చదువుచున్న మన విద్యార్థులు, వారిలో తెలుగువారును అనేకులు, కొందరు గడ్డకట్టు చలిలో నడచి పోలండు సరిహద్దు చేరిరి. వీసా లేకున్నను పోలండు ప్రభుత్వము వారిని రానిచ్చెను. అచ్చటి సామాన్యులు వేడి చారును, టీని, కంబళ్లను పంచిరి. మన ప్రభుత్వపు విమానములు జెషూఫ్ అను పట్టణమునుండి వారిని ఇండ్లకు చేర్చినవి. ఆ రాత్రులు ఫోను చేతబట్టుకొని నిద్రలేక కూర్చున్న తల్లులు మన తాలూకాలలో లేకపోలేదు.

అయినను అందరును మంచివారని మేము వ్రాయము. నల్లని మేనిని చూచి త్రాగినవాడొకడు రాత్రివేళ ట్రాములో కూతలు కూయుటయు కలదు. మారుపలుకక బండి నడపువాని చెంతకు పోవలెను. 112 అను సంఖ్యకు ఫోను చేయవలెను. పిల్లలు దీనిని ఇంటివారికి చెప్పక దాచుకొందురు. అడిగి తెలిసికొనుట మన పని.

ప్రయాణములను గూర్చి కొంత. ట్రాములు, బస్సులు చక్కగా నడచును. టిక్కెట్టు కొనిన చాలదు, ఎక్కగనే యంత్రమున ముద్ర వేయించుకొనవలెను. ముద్ర లేని టిక్కెట్టు చేతనున్నను తనిఖీ యధికారి జుల్మానా విధించును. స్టేషనులో పలకమీద రెండంకెలుండును: ఒకటి "పెరోన్", ఒకటి "తోర్". మొదటిది మనము నిలుచు అరుగు, రెండవది బండి వచ్చు పట్టాలు. ఒక అరుగునకు రెండువైపుల రెండు బండ్లు నిలుచును గనుక మొదటి యంకె మాత్రమే చూచినవారు ఎదుటి బండి యెక్కి వేరొక నగరము చేరుదురు. అచ్చట చదువుచున్న 26 ఏండ్లలోపు విద్యార్థులకు రైలు టిక్కెట్టులో నూటికి 51 వంతులు తగ్గింపు కలదు. వీథి దాటునపుడు కనుచూపు మేర బండి లేకున్నను, ఎర్రదీపము వెలుగుచున్నంతసేపు జనులు నిలుచుందురు. మనవారికి కొన్నిదినములు కాళ్లాగవు. 2018నుండి ఆదివారములు పెద్ద అంగళ్లు మూయవలెనను చట్టము వచ్చినది. కొన్ని ఆదివారములు తప్ప, యజమాని స్వయముగా కూర్చుండు చిన్న దుకాణములే తెరచియుండును. శనివారమే పాలు, కూరలు కొని యుంచుకొనవలెను.

భోజనము మా పాఠకులకు ముఖ్యముగదా! వారి పెద్ద భోజనము మధ్యాహ్నమునకును సాయంకాలమునకును నడుమ. ముందు చారు లేనిదే విస్తరి లేదు. రైపిండిని నీటిలో కలిపి కొన్నిదినములు పులియబెట్టి కాచు "ఝూరెక్" అను పుల్లని చారు మన తరవాణిని జ్ఞప్తికి తెచ్చినది. అందు మాంసమును, గుడ్డును వేయుదురు గనుక వాసన చూచి ఊరకుంటిమి. "పియెరోగీ" అనునవి ఉడికించిన కజ్జికాయలే. బంగాళాదుంప, తెల్లజున్ను కూరినవి శాకాహారులకు హాయిగా సరిపోవును. కాని పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లుటయు కలదు. "బెజ్ మెన్సా", అనగా మాంసము లేకుండ, అను రెండు మాటలను పిల్ల విమానమెక్కకముందే కంఠస్థము చేయవలెను. వార్సాలో 1896నుండి "పాలబారు" లను చౌక భోజనశాలలు కలవు. పేరు చూచి వెరవనక్కరలేదు, అచ్చట సారాయి దొరకదు. పాలు, పిండి, కూరలతోడి వంటకములే హెచ్చు. కష్టపడువారికై ప్రభుత్వము కొంత ఖర్చు భరించుటచేత వెల తక్కువ. వారి దోసకాయ ఊరగాయలో నూనెగాని కారముగాని లేదు. ఉప్పునీటిలో సోయాకూరతో ఊరును. పెరుగన్నములోనికి నప్పినది.

చలిని గూర్చి లంబసింగి చూచినవారికి కొంత చెప్పవచ్చును, చీకటిని గూర్చి చెప్పజాలము. డిసెంబరులో మధ్యాహ్నము మూడున్నర కాకమునుపే సూర్యుడస్తమించును. ఇంటిలో గొట్టములద్వారా వెచ్చదనము వచ్చునుగాని మనస్సునకు ఏ గొట్టమును లేదు. పిల్లలకు ఇల్లు జ్ఞప్తికి వచ్చి కన్నీరు పెట్టునది ఈ మాసములోనే.

అంతకుముందే, నవంబరు 1వ తేదీని, వారు కుటుంబములతో శ్మశానములకు పోయి సమాధులమీద దీపములు వెలిగింతురు. చీకటిపడిన పిదప వేలకొలది దీపములు మిణుకుమిణుకుమనుచుండగా మేము నిలిచి చూచితిమి. ఇంటికడ అప్పుడు కార్తికము. వరాహనదిలో మన స్త్రీలు దీపములు వదలుచుందురు.

డిసెంబరు 24వ తేదీ రాత్రి భోజనము వారికి సంవత్సరమునకెల్ల పెద్దది. ఆకాశమున మొదటి చుక్క పొడుచువరకు ముట్టరు. బల్లమీద దుప్పటిక్రింద ఎండుగడ్డి పరతురు. పల్చని రొట్టెరేకును ఒకరిది ఒకరు త్రుంచుకొని దీవించుకొందురు. వంటకములు పండ్రెండు, మాంసము లేదు. చేప మాత్రము మాంసములోనిది కాదని వారి లెక్క. మన బెంగాలీ సోదరీమణులు విని సంతోషింతురు. కూర్చుండువారికంటె ఒక పళ్లెము ఎక్కువగా వేసి యుంతురు. అనుకోకుండ తలుపు తట్టువానికై అది. ఆ రాత్రి తన యిల్లు అద్దెకిచ్చిన పెద్దామె పిలిచినచో మన పిల్ల తప్పక పోవలెనని మా యభిప్రాయము.

పోవునపుడు ఏమి తీసికొనిపోవలెనని మీరడుగుదురు. చింతపల్లి, అరకు కొండల కాఫీపొడి పొట్లములు రెండు మూడు పిల్ల పెట్టెలో ముందే సర్దియుంచుడు. వారు కాఫీప్రియులు, మన కొండలలో పండినదని చెప్పిన మరింత ముచ్చటపడుదురు. నువ్వులుండలు, జీడిపప్పు పాకము మెచ్చిరి. ఆవకాయ ఇచ్చినచో, ఒక్క మెతుకంత మాత్రమే తీసికొనవలెనని ముందుగా చెప్పి, మంచినీళ్లు దగ్గర నుంచి మరీ ఇయ్యవలెను.