పలక సద్దు ఎవరికి రొద?

తిరుపతి గంగమ్మ జాతరలో పలక కొట్టేవాళ్లను చూసినారా? ముందు మంట వేస్తారు, పలకకు సెగ చూపిస్తారు. చర్మంలో తేమ పోతుంది, బిగువు పెరుగుతుంది, సద్దు ఖంగుమంటుంది. బిగువు నాలుగింతలైతే కంపనాలు రెండింతలవుతాయని ఫిజిక్స్ పుస్తకం. మా తాతకు ఆ సూత్రం తెలీదు, ఆ చెవి ఉండేది. సూత్రం చదివినాయన అకౌస్టికల్ ఇంజినీర్. చెవితో బిగించినాయన ఊరికి ఉత్త మాదిగోడు.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. మీటరుకు కులం లేదు. ఊరికుంది. మైకు మోగితే భక్తి, పలక మోగితే రొద. అదే పెద్దింట్లో చావొస్తే ఆ రొదే కావాల. అది పిలుపు కాదు, హుకుం.

10 డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పదింతలు. ఆ దెబ్బ ముందు తగిలేది కొట్టేవాడి చెవికే. ఫ్యాక్టరీ కార్మికుడికి ఎనిమిది గంటలకు 90 డెసిబెళ్ల హద్దు రాసినారు. పలక పట్టినోడి చెవికి ఎవరు రాసినారు?

'మీ కళ గొప్పది' అనే పెద్దలారా, పొగడ్తలు చాలు. కొట్టనని చెప్పే హక్కు, కొడితే తగిన కూలి, చెవికి పరీక్ష. ముందు ఇవి తేల్చండి. కళ సంగతి తర్వాత మాట్లాడదాం.

జై భీమ్.