సరిహద్దులు దాటిన పాట, వాడ దాటని డప్పు

గత ఎండాకాలం కారేపల్లి దగ్గర ఒక పెళ్లికి వెళ్లాం. ఖమ్మం–భద్రాచలం అడవి అంచున డప్పు, డోలి కళాకారుల జీవితాల మీద పరిశోధన చేస్తున్న మాకు పెళ్లిళ్లు, చావులు, జాతరలే తరగతి గదులు. సాయంత్రం ఎదుర్కోళ్లకు మాదిగవాడ నుంచి నలుగురు డప్పులతో వచ్చారు. కంపకు నిప్పుపెట్టి డప్పులు కాచుకున్నారు. పావుగంట కొట్టారో లేదో, బరాత్ కోసం డీజే బండి వచ్చింది. డప్పులవాళ్లను పక్కకు జరగమన్నారు.

డీజే మొదట వేసింది ‘నాటు నాటు’. దాని వెనకే ‘డెస్పసీతో’. స్పానిష్‌లో ఒక్క ముక్క తెలియని పిల్లలు ఆ పాటకూ అదే ఊపుతో ఎగిరారు. డప్పు మెడలోనే వేసుకుని చింతచెట్టు కింద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని అడిగాడు: “ఆ పాటలో కూడా తోలు మీద కొట్టిన దెబ్బే ఇనబడుతుంది గదా బిడ్డా. కొట్టినోళ్లు ఎవరు?”

మేము గాయకుల పేర్లు చెప్పాం. రాసినవారి పేరు, సంగీత దర్శకుడి పేరు, స్టెప్పులు నేర్పినవారి పేరు కూడా చెప్పాం. కొట్టినవాళ్ల పేరు ఒక్కటీ చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ ప్రశ్న వెంట మేము చేసిన ప్రయాణం.

గోడ బయట పుట్టిన ఊపు

2017 జనవరిలో ప్యూర్టోరికోకు చెందిన లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ కలిసి పాడిన ‘డెస్పసీతో’ విడుదలైంది. ఏప్రిల్‌లో జస్టిన్ బీబర్ గొంతు కలిపిన రీమిక్స్ వచ్చింది. మే నెలలో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరి 16 వారాలు అక్కడే నిలిచింది. 1996లో ‘మకరేనా’ తర్వాత స్పానిష్ పాట ఒకటి ఆ స్థానానికి చేరడం అదే మొదలు. ఇంగ్లిష్ రాకపోతే ప్రపంచ మార్కెట్ లేదన్న నమ్మకాన్ని ఆ పాట పగలగొట్టిందని పత్రికలన్నీ రాశాయి. అది నిజమే. కానీ సగం నిజం.

ఆ పాట ఊపు రెగ్గెటోన్ నుంచి వచ్చింది. రెగ్గెటోన్ జమైకా నల్లజాతి డాన్స్‌హాల్ సంగీతం నుంచి, పనామా కాలువ కట్టడానికి వలస వెళ్లిన కరీబియన్ కూలీల వారసుల పాటల నుంచి, ప్యూర్టోరికో పేదల ప్రభుత్వ గృహ సముదాయాల నుంచి పుట్టింది. 1995లో శాన్ హువాన్‌లో పోలీసులు క్యాసెట్ దుకాణాల మీద దాడులు చేసి ఈ పాటలను జప్తు చేశారు. బూతు అన్నారు, నేరాన్ని పెంచుతుందన్నారు. ఇరవై రెండేళ్లకు అదే ఊపు, కొంచెం మెత్తబడి, ప్రేమపాటగా మారి, ప్రపంచానికి ముద్దొచ్చింది.

‘డెస్పసీతో’ వీడియో తీసిన చోటు పేరు లా పెర్లా. శాన్ హువాన్ పాత కోటగోడకు బయట, సముద్రం ఒడ్డున ఉంటుంది. కబేళా, శ్మశానం, విముక్తి పొందిన బానిసల ఇళ్లు ఊరి మధ్య ఉండకూడదన్న నియమం వల్ల గోడ బయట ఏర్పడిన పేట అది. చచ్చిన పశువు పని, శ్మశానం, వెలి వేసిన మనుషులు – మూడూ ఒకే దిక్కున. ఈ పటం మన పాఠకులకు కొత్తగా వివరించక్కర్లేదు. పాట హిట్టయ్యాక పర్యాటకులు లా పెర్లాకు వరసకట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మరియా తుఫాను ప్యూర్టోరికోను ఊడ్చేసినప్పుడు ఆ పేట కూడా దెబ్బతింది. ప్రపంచమంతా తిరిగిన వీడియోలో కనిపించిన ఇళ్లను ఆ వీడియో కాపాడలేదు.

నాటు అంటే ఎవరు?

మన భాషలో దీనికి సరిజోడు ‘నాటు నాటు’. ఇదీ ఇద్దరు పాడిన పాటే: రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. రాసింది చంద్రబోస్, బాణీ కట్టింది ఎం.ఎం. కీరవాణి, నృత్యం కూర్చింది ప్రేమ్ రక్షిత్. 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ వచ్చాయి. హైదరాబాద్ పాతబస్తీలో క్షౌరవృత్తి కుటుంబం నుంచి వచ్చిన రాహుల్ ఆస్కార్ వేదిక మీద తెలుగులో పాడటం చిన్న సంగతి కాదు. ఆ రోజు మేమూ ఈలలు వేశాం. ఇప్పుడు మేము అడిగేది ఆ ఆనందానికి వ్యతిరేకం కాదు.

‘నాటు’ అనే మాటనే చూడండి. నాటుకోడి, నాటు వైద్యం, నాటు సారా, నాటు మనిషి. పట్నం నోట్లో ఇది చాలాకాలం తిట్టు. కోడి విషయంలో మాత్రం మర్యాద దక్కింది, నాటుకోడికి బ్రాయిలర్ కంటే ధర ఎక్కువ. నాటు కళకు మాత్రం అది చేసే మనిషిని బట్టి ధర మారుతుంది. పాతతరం వాడలో డప్పు కొట్టడం వెట్టి. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, దొర పిలిస్తే కొట్టాలి, కూలి అడగకూడదు. అదే దరువు తెరమీదకు ఎక్కితే అది ‘మన మట్టి వాసన’. వాడలో అంటరాని తోలు, తెరమీద జాతి గౌరవం.

సినిమా ఈ పాటను వాడుకున్న తీరులోనూ ఒక ముడి ఉంది. పాటలో ఆడేది జోడేఘాట్ గోండు వీరుడు కొమురం భీమ్ పేరు పెట్టిన పాత్ర. ‘జల్ జంగల్ జమీన్’ నినాదంతో నిజాం సర్కారుపై పోరాడి 1940లో ప్రాణమిచ్చిన మనిషి పేరది. ఇక్కడ ఆయన తెల్లవాళ్ల విందులో పోటీకి దిగుతాడు. చివరికి మిగిలేది ఇద్దరు మిత్రులు. రామ్ కావాలని పడిపోయి భీమ్‌ను గెలిపిస్తాడు. స్నేహం కథగా చూస్తే అందంగానే ఉంటుంది. మేము చూసింది ఇంకోటి: ఆదివాసీ గెలుపు కూడా ఎవరో దయతో ఇచ్చిన కానుకలా మిగిలింది. ఆస్కార్ వేదిక మీద ఆ నృత్యం చేసినవాళ్లలో ముందు వరసన దక్షిణాసియా మూలాలున్న డాన్సర్లు లేరని అప్పట్లో విమర్శ వచ్చింది. హాలీవుడ్ మనల్ని పక్కన పెట్టిందని తెలుగువాళ్లు సరిగానే కోపపడ్డారు. అదే కోపం కారేపల్లి పెళ్లిలో చింతచెట్టు కిందికి ఎందుకు రాదు?

దరువుకు సొంతదారు ఎవరు?

భారత కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణతో పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కుగా వచ్చింది. పాడినవారికి, వాయించినవారికి ప్రదర్శకుల హక్కులు ఉన్నాయి. ఇది మంచి మార్పు. కానీ చట్టం ముందు నిలబడాలంటే ఒక కర్త ఉండాలి, ఆ కర్తకు పేరుండాలి. తరతరాలుగా ఒక కులం మొత్తం కొట్టి నిలబెట్టిన దరువుకు కర్త ఎవరు? చట్టం దృష్టిలో ఎవరూ కారు. కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకుని స్టూడియోలో రికార్డు చేసిన కంపెనీకి మాత్రం ఆ రికార్డింగ్ మీద హక్కు పుడుతుంది. ఊరుమ్మడి చెరువులో నీళ్లు సీసాలో పట్టి అమ్మినట్టు.

2024 మేలో జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ దేశాలన్నిటితో ఒక కొత్త ఒప్పందం కుదిర్చింది. అది జన్యు వనరులకు, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానానికి సంబంధించినది. పాట, ఆట, దరువు దాని పరిధిలో లేవు.

అయితే ‘డెస్పసీతో’ కథ ఇక్కడ ఇంకో పాఠం చెబుతుంది. జమైకా సంగీత జోడీ స్టీలీ, క్లీవీ 1989లో ‘ఫిష్ మార్కెట్’ అనే దరువు కట్టారు. రెగ్గెటోన్ మొత్తానికి వెన్నెముకైన ఊపు అక్కడి నుంచే వచ్చిందని చెబుతూ 2021లో వారి తరఫున కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా పడింది. తర్వాత అది దాదాపు 1800 పాటలకు విస్తరించింది. ప్రతివాదుల్లో ఫోన్సీ, డాడీ యాంకీ కూడా ఉన్నారు. కేసును మొదట్లోనే కొట్టేయాలన్న వాదనను 2024లో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. దరువు ఒకరి సొత్తయితే రేపు కొత్త పాట ఎలా పుడుతుందన్న ఎదుటి వాదన కూడా తేలిగ్గా తీసేసేది కాదు. దరువును తాళం వేసి దాచమని మేమూ అనం. కానీ పేరున్న ఇద్దరు మనుషులు ఉన్నారు కాబట్టే ఆ ప్రశ్న కోర్టు గడప ఎక్కింది. మన డప్పుకు పేర్లు మిగల్చలేదు కాబట్టే మన ప్రశ్న చెట్టు కింద ఆగిపోయింది.

కారేపల్లికి ఈ అనుభవం కొత్త కాదు. ఈ మండలం పేరు సింగరేణి. ఆ ఊరి పేరే బొగ్గు కంపెనీ పేరై జిల్లాలు దాటి గోదావరి లోయంతా విస్తరించింది. సింగరేణి అంటే ఇవాళ ఎవరికైనా కంపెనీ గుర్తొస్తుంది, ఊరు గుర్తుకు రాదు. పేరు ప్రయాణం చేసినంత మాత్రాన ఊరు ప్రయాణం చేయదు.

పతకం తర్వాత పని

గుర్తింపు వస్తే అంతా మారుతుందంటారు. 2022లో తెలంగాణ నుంచి ఇద్దరు జానపద కళాకారులకు పద్మశ్రీ వచ్చింది. ఒకరు దక్కలి కులానికి చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య. అంతకు కొన్ని నెలల ముందే ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. 2024 మేలో అదే మొగిలయ్య హైదరాబాద్ శివారులో భవన నిర్మాణం దగ్గర కూలిపని చేస్తూ కనిపించారు. పతకం ఉంది, సినిమా పాట ఉంది, నెలనెలా నిలకడగా వచ్చే ఆదాయం లేదు.

రెండోవారు మా ప్రాంతం మనిషి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య. సమ్మక్క–సారలమ్మల కథను డోలి కొడుతూ కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2024 జూన్‌లో కన్నుమూశారు. మేడారానికి కోట్లమంది వస్తారు, బస్సులు వేస్తారు, హెలికాప్టర్లు తిప్పుతారు. ఆ తల్లుల కథను వాళ్ల భాషలోనే పాడే గొంతులు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టే పని మాత్రం ఎవరిదీ కాలేదు.

మేము అడిగేది

డప్పు ఎప్పుడూ బాధితురాలిగానే లేదు. 1994లో ఈదుముడిలో పుట్టిన ఉద్యమం తన పేరునే ‘దండోరా’ అని పెట్టుకుంది. ఊరి కోసం వెట్టిగా కొట్టిన చాటింపును తన హక్కు కోసం తానే కొట్టుకుంది. తెలంగాణ ఉద్యమంలో డప్పు లేని సభ లేదు. కాబట్టి జాలి అక్కర్లేదు. మూడు పనులు కావాలి.

మొదటిది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు ప్రత్యేక పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4000 రూపాయలు. తెలంగాణ ఆసరా జాబితాలో చేనేత, గీత, బీడీ కార్మికులు ఉన్నారు, డప్పు కళాకారులు లేరు. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలో కలిశాయి. గీత అవతల కొట్టినవాడు కళాకారుడు, ఇవతల కొట్టినవాడు ఎవరూ కాడు. దరువు ఒకటే.

రెండోది పేరు. సినిమాలోనైనా, యూట్యూబ్ జానపద పాటలోనైనా వాయించినవాళ్ల పేరు, ఊరు రాయాలి, కాగితం మీద ఒప్పందం చేసుకోవాలి. ఇవాళ జానపదం పేరుతో కోట్ల వ్యూస్ తెచ్చుకుంటున్న ఛానళ్లు చాలావరకు మన కులాల పిల్లలవే. కాబట్టి ఇది బయటివాళ్లను మాత్రమే అడిగే ప్రశ్న కాదు.

మూడోది మమ్మల్ని మేము అడుక్కోవాల్సింది. మా ఫోన్లలో ఈ ప్రాంతం దరువులు, డోలి కథలు గంటలకొద్దీ ఉన్నాయి. వాటితో మాకు డాక్టరేట్ వస్తుంది. కొట్టినవాళ్లకు ఏమొస్తుంది? పరిశోధన పేరుతో తీసుకున్న ప్రతి రికార్డింగ్ ప్రతి, అందులో ఉన్నవాళ్ల పేర్లతో సహా, ఆ వాడకు తిరిగి చేరాలి. వాళ్లు వద్దన్నది బయటికి రాకూడదు. విశ్వవిద్యాలయాలు దీన్ని నియమంగా పెట్టేవరకు ఆగకుండా విద్యార్థులుగా మనమే మొదలుపెట్టొచ్చు.

ఆ రాత్రి బరాత్ అయిపోయాక డీజే బండి ఎల్లందు రోడ్డు పట్టింది. నలుగురూ డప్పులు భుజానికి తగిలించుకుని వాడవైపు నడిచారు. మేము రికార్డు చేసుకున్న దరువులను పెద్దాయన మనవడి ఫోన్‌కు పంపాం. ఒక్కో ఫైలుకు కొట్టినవారి పేరు పెట్టమని ఆ పిల్లాడికి చెప్పాం. వాడు మొదటి ఫైలుకు తాత పేరు పెట్టి, తాత చెవి దగ్గర ఫోను పెట్టి వినిపించాడు.