బీటులో మనిషి లేకపోతే నష్టం రైతుకే

అడవి పందుల మంద రాత్రికి రాత్రి మక్కచేను పడగొట్టిపోతే తెల్లారి రైతు ఎవరి దగ్గరికి పోవాలి? పరిహారం కావాలంటే అటవీ సిబ్బంది చేనుకు రావాలి, నష్టం చూడాలి, పంచనామా రాయాలి. అట్లా రావాల్సిన మొదటి మనిషి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. ఆ బీటు ఖాళీగా ఉంటే పక్క బీటు ఆయనకే ఇన్‌చార్జి ఇస్తారు. ఆయన వచ్చేసరికి పడిపోయిన చేనును పశువులు మేసేస్తాయి, లేదంటే రైతే దున్నేస్తాడు. ఆనవాలు పోయిందంటే పరిహారమూ పోయినట్టే. అందుకే అటవీశాఖలో ఖాళీలు, ప్రమోషన్లు ఉద్యోగ సంఘాల సొంత గొడవ కాదు. మన సంఘం డిమాండ్లలో చేరాల్సిన రైతు సమస్య.

ఖాళీలు ఎందుకు నిండవు?

2017లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ అటవీశాఖలో 2,014 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది. అందులో 1,857 బీట్ ఆఫీసర్లవి, 90 సెక్షన్ ఆఫీసర్లవి, 67 రేంజి ఆఫీసర్లవి. రాత పరీక్షతో పాటు నడక పరీక్ష కూడా ఉంది: మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. అయిదేళ్లు తిరిగేసరికి, 2022లో, మళ్లీ 1,393 బీట్ ఆఫీసర్ పోస్టుల భర్తీకి ప్రభుత్వం అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. 2024 ఆగస్టులో అసెంబ్లీలో ప్రకటించిన జాబ్ క్యాలెండర్‌లో కూడా బీట్ ఆఫీసర్ల పరీక్ష ఉంది. క్యాలెండర్‌లో పేరు ఉండటం వేరు, బీటులో మనిషి ఉండటం వేరు.

రిటైర్మెంట్లతోనే ఖాళీలు రావు. ఈ పోస్టుకు ఇంటర్ చదువు చాలు. కానీ డిగ్రీ, బీటెక్ చదివినవాళ్లు కూడా రాసి చేరతారు, ఇంకో ఉద్యోగం దొరకగానే వెళ్లిపోతారు. వాళ్లను తప్పుబట్టలేం. బీట్ ఆఫీసర్ పైన సెక్షన్ ఆఫీసర్, ఆ పైన డిప్యూటీ రేంజర్, ఆ పైన రేంజి ఆఫీసర్. మెట్లు ఉన్నాయి గాని ఎక్కడం కష్టం. సెక్షన్ ఆఫీసర్, రేంజర్, అసిస్టెంట్ కన్జర్వేటర్ పోస్టులకు నేరుగా కూడా మనుషులను తీసుకుంటారు కాబట్టి కిందివాళ్లకు మిగిలే మెట్లు తగ్గుతాయి. దానిమీద 2021 డిసెంబరు జీవో 317తో కొత్త జిల్లాలు, జోన్లకు ఉద్యోగుల పంపకం జరిగింది. స్థానికతను పక్కనపెట్టారని అన్ని శాఖల ఉద్యోగులూ ఆందోళనకు దిగారు. ఆరేళ్లకు, పన్నెండేళ్లకు, పద్దెనిమిదేళ్లకు, ఇరవైనాలుగేళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ కింద జీతం కొంత పెరుగుతుంది గాని హోదా మారదు, అధికారం మారదు.

మనకు దీనితో ఏం పని అంటే, ఎదుగుదల లేని ఉద్యోగికి ఊరి మీద మనసు ఉండదు. ఎవరి భూమి ఎప్పటి నుంచి సాగులో ఉందో, ఏ చేను మీదికి ఏ జంతువు వస్తుందో తెలిసిన మనిషి వెళ్లిపోయి కొత్త మనిషి వస్తే మన కథ మళ్లీ మొదటికే వస్తుంది.

నగరంలో నైపుణ్యం, అడవిలో ఖాళీ

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. దేశం నలుమూలల నుంచి సర్వేయర్లు వచ్చి పటాలు గీయడం నేర్చుకుంటారు. అక్కడికి దగ్గరలోనే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. మాంసం ముక్క దొరికితే అది ఏ జంతువుదో డీఎన్ఏతో తేల్చే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్తలు తయారుచేశారు. అంటే నైపుణ్యానికి కొదవ లేదు. కానీ పటం ఎంత బాగా గీసినా అటవీ, రెవెన్యూ హద్దు తగాదాలో హద్దురాయి దగ్గర నిలబడి జాయింట్ సర్వే చేయాల్సింది మనుషులే. నమూనా తీసి పంపేవాడు లేకపోతే ప్రయోగశాల ఏం చేస్తుంది?

అదే ఉప్పల్, నాచారం గల్లీల్లో అద్దె గదుల్లో ఉంటూ, పారిశ్రామికవాడలో కాంట్రాక్టు పని చేస్తూ సర్కారు కొలువుకు చదివే రైతుబిడ్డలు ఉన్నారు. సిద్దిపేట జిల్లా ములుగులో ప్రభుత్వమే అటవీ కళాశాల పెట్టి ఫారెస్ట్రీ డిగ్రీలు ఇస్తోంది. చదువుకున్న పిల్లలు ఇటు ఉన్నారు, మనిషి కోసం చూసే బీట్లు అటు ఉన్నాయి. మధ్యలో ఆగింది నోటిఫికేషనే.

ముందుకు నెట్టేది చిన్న ఉద్యోగినే

2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గర కొత్తసార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన మహిళా రేంజి అధికారిని కర్రలతో కొట్టారు. ప్రాజెక్టుకు పోయిన అడవికి బదులుగా నాటుతున్న మొక్కలవి. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం ఎర్రబోడులో రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు హత్యకు గురయ్యారు. ప్రాజెక్టు ఎక్కడ కట్టాలి, బదులు మొక్కలు ఎక్కడ నాటాలి, పోడు పట్టాలు ఎప్పుడు ఇవ్వాలి అన్నవి పైన తీసుకునే నిర్ణయాలు. తగాదా మాత్రం కింద, ఒంటరి ఉద్యోగికీ పేద సాగుదారుకూ మధ్య పెడతారు. ఇద్దరూ నష్టపోతారు.

2024 నవంబర్ 29న కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరడానికి పోయిన యువతిని పులి చంపింది. గుంపుగా పోవాలని, తల వెనక మాస్కులు కట్టుకోవాలని ఆ తర్వాత చెప్పారు. మాస్కు ఇవ్వొచ్చు గాని పులి ఎటు కదులుతున్నదో కూలీలు చేనుకు పోకముందే చెప్పే ట్రాకర్ కావాలి. ఆ ట్రాకర్లు, బేస్‌క్యాంపు వాచర్లు చాలావరకు ఆదివాసీ యువకులే, ఉండేది ఔట్‌సోర్సింగ్ మీదే. ఫ్యాక్టరీ కార్మికుడికి జబ్బు చేస్తే నాచారంలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. ఎలుగుబంటి గీరిన వాచర్‌కు ఎవరున్నారు?

“సిబ్బంది పెరిగితే కేసులు పెరుగుతాయి”

మన సభ్యుల్లో చాలామంది మాట ఇది. పోడు భూముల్లో కందకాలు తవ్వినవాళ్లను చూసినవాళ్ల భయం ఇది, దీన్ని తోసెయ్యకూడదు. అయితే అటవీ హక్కుల చట్టం కింద క్లెయిములను పరిశీలించేటప్పుడు అటవీశాఖకు కూడా నోటీసు ఇస్తారు. ఆ శాఖ మనిషి రాకపోతే ఆ వంకతోనే మన ఫైలు ఆగిపోతుంది. 2023లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారంటే ఊరూరా సిబ్బంది తిరిగితేనే అయింది. మనకు కావాల్సింది లాఠీ పట్టిన సిబ్బంది కాదు. గ్రామసభను గౌరవించే, చట్టం చదివిన, బీటులో నిలబడే సిబ్బంది.

కాబట్టి మండల మహాసభల్లో ఈ తీర్మానాలు చేయాలి:

1. బీటువారీగా ఖాళీల పట్టికను ప్రతి ఏటా ప్రకటించి, ఏడాదిలో నింపాలి.

2. ఖాళీ ఉన్నా లేకున్నా నిర్ణీత సర్వీసు నిండిన బీట్, సెక్షన్ ఆఫీసర్లకు హోదాతో కూడిన ప్రమోషన్ ఇవ్వాలి.

3. వాచర్లు, ట్రాకర్లను పర్మినెంట్ చేసి, ఆలోపు కనీస వేతనం, బీమా, వైద్యం కల్పించాలి.

4. పంట నష్టం దరఖాస్తును మూడు రోజుల్లో చూడాలి, నెలలో పరిహారం ఇవ్వాలి. మంజూరు అధికారం రేంజి స్థాయికి ఇవ్వాలి.

5. శిక్షణలో అటవీ హక్కుల చట్టాన్ని తప్పనిసరి చేయాలి.

పోడు మీద అటవీశాఖతో మన పోరాటం ఆగదు. ఆ శాఖలో చాలీచాలని మనుషులతో ఒంటరిగా తిరిగే బీట్ ఆఫీసర్ కూడా ఎక్కువసార్లు ఒక రైతు కొడుకో కూతురో. వాళ్ల ఖాళీ కుర్చీ గురించి మనం అడిగితేనే మన చేను గురించి అడగడానికి అక్కడ ఒక మనిషి ఉంటాడు.